పాత యెజ్డీ లాగట్లేదా? ఇంజను విప్పేముందు ఇవి చూడండి



గూళ్లు విప్పిన రోజు బండి మొరాయిస్తే ఏమవుతుందో మనకెవరూ చెప్పనక్కర్లేదు. గూడు రోజురోజుకూ బరువు తగ్గుతుంది. సంచిలో కుక్కి పెడితే వేడెక్కి చెడుతుంది. పొద్దున వేలానికి అందకపోతే ఆ నష్టం మనదే. ఆకు మోసేటప్పుడూ అంతే, మిట్ట ఎక్కలేక దారిలో నిలబడితే ఆకు వాడిపోతుంది.

కోలారు, చింతామణి, శిడ్లఘట్ట పక్క మన ఊళ్లలో కొన్ని ఇళ్లలో యెజ్డీ, జావా బండ్లు ఇంకా పనిచేస్తున్నాయి. మైసూరులో వీటిని చేసిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతబడింది. అంటే చివర్లో వచ్చిన బండికి కూడా ముప్పై ఏళ్లు దగ్గర పడ్డాయి. అందుకే "లాగట్లేదు" అనగానే "పిస్టన్ అరిగింది, బోరు చేయించు" అంటారు. నీళ్ల బోరు పాయింటు చూడకుండా వేయం కదా, ఇంజను బోరూ అట్లే. అది చివరి మాట. దానికి ముందు చూడాల్సినవి చాలావరకు ఖర్చు లేనివే.

*బలం ఎప్పుడు తగ్గుతోంది?*

ముందు ఈ ప్రశ్నకు జవాబు పట్టుకోండి. సగం పని అక్కడే అయిపోతుంది.

• ఇంజను అరుస్తుంది, బండి మాత్రం ముందుకు పోదు: క్లచ్ జారుతోంది.
• రెండు మూడు కిలోమీటర్లు బాగా పోయి చచ్చుబడుతుంది, కాసేపు ఆపితే మళ్లీ పోతుంది: పెట్రోలు సరిగా దిగట్లేదు, లేదా వేడికి కండెన్సర్ పోతోంది.
• బయలుదేరినప్పటి నుంచీ బరువుగా ఉంటుంది: బ్రేకు, చైను చూడండి.
• నెలల తరబడి మెల్లగా తగ్గుతూ వచ్చింది: సైలెన్సర్‌లో మసి, ఎయిర్ ఫిల్టర్‌లో దుమ్ము, ఆ తర్వాతే పిస్టన్.

*ఇక వరుసగా*

1. చక్రాలు. సెంటర్ స్టాండు వేసి న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో తిప్పండి. సులువుగా తిరగాలి. కాస్త దూరం పోయొచ్చాక డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే బ్రేకు పట్టేస్తున్నట్టు. చైను మరీ బిగుతుగా ఉన్నా, టైర్లలో గాలి తక్కువున్నా ఇంజను బలం అక్కడే ఖర్చయిపోతుంది.

2. క్లచ్. లివర్‌లో రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉండాలి. అది లేకపోతే ప్లేట్లు పూర్తిగా పట్టుకోవు, బరువు వేసినప్పుడు జారతాయి. కేబుల్ సరిచేసినా జారుతుంటే అప్పుడు ప్లేట్లు చూడాలి.

3. గాలి. మట్టిరోడ్ల దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌ను మూసేస్తుంది. గాలి తక్కువై పెట్రోలు ఎక్కువైతే పొగ చిక్కగా వస్తుంది, ప్లగ్గు నల్లగా తడిగా ఉంటుంది. ఫిల్టర్ శుభ్రం చేయండి. తీసేసి మాత్రం నడపొద్దు. దుమ్ము లోపలికి పోతే పిస్టన్ నిజంగానే అరుగుతుంది.

4. పెట్రోలు. బండి చచ్చుబడినప్పుడు ట్యాంకు మూత తీసి చూడండి. తుస్సుమని గాలి పోయి, తర్వాత బండి బాగా నడిస్తే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. లేకపోతే ఇంజను ఆపి, చల్లారాక కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి డబ్బాలోకి వదలండి. ధార ఆగకుండా రావాలి. సన్నబడితే ట్యాప్‌లోని జల్లెడ, ఆ తర్వాత మెయిన్ జెట్ శుభ్రం చేయాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరు పైపులను పాడుచేస్తుంది. బండి వారాల తరబడి ఊరికే నిలబడేటట్టుంటే కార్బురేటర్ గిన్నె ఖాళీ చేసి పెట్టండి.

5. ప్లగ్గు రంగు. మిట్ట ఎక్కించి వెంటనే ఇంజను ఆపి, చల్లారాక ప్లగ్గు విప్పండి. బిస్కెట్టు రంగు ఉంటే మంచిది. తెల్లగా కాలినట్టుంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. అట్లా ఉంటే లోడు వేసి తోలకండి, పిస్టన్ పట్టేస్తుంది. టూటీ ఆయిల్ తగ్గిస్తే బలం పెరుగుతుందన్న మాట నమ్మొద్దు. లీటరుకు 30 నుంచి 40 మిల్లీలీటర్లు వాడుక. అంతకు తగ్గితే పట్టేస్తుంది, మించితే మసి కడుతుంది.

6. పాయింట్లు. గ్యాప్ సుమారు 0.4 మి.మీ. ఉండాలి. గుంటలు పడితే మార్చండి. పాయింట్ల మధ్య పెద్ద నిప్పురవ్వలు కనిపిస్తే కండెన్సర్ మీద అనుమానం. గ్యాప్ మారితే టైమింగూ మారుతుంది, కాబట్టి ఆ వెంటనే టైమింగ్ కూడా చూపించండి.

7. సైలెన్సర్లు. టూ స్ట్రోక్ బండికి ఇది పాత జబ్బు. ఆయిల్ కాలిన మసి లోపల గట్టిపడి పొగకు దారి ఉండదు. ఇంజను నడుస్తుండగా రెండు సైలెన్సర్ల వెనక కాస్త దూరంలో చెయ్యి పెట్టి చూడండి. రెండింటి ఊపూ ఒకేలా ఉండాలి. లోపలి గొట్టాలు బయటకు తీసి తీగ బ్రష్‌తో గీకండి.

8. సీళ్లు. గేర్‌బాక్స్ ఆయిల్ కారకుండానే తగ్గుతోంది, పొగ మాత్రం దట్టంగా వస్తోంది అంటే క్లచ్ వైపు క్రాంక్ సీల్ పోయింది. ఇంజను ఆ ఆయిల్‌నే తాగుతోంది. రెండోవైపు సీల్ పోతే గాలి పీల్చి, యాక్సిలరేటర్ వదిలినా ఇంజను తగ్గదు, వేడెక్కుతుంది. ఇది మెకానిక్ పని.

ఇవన్నీ సరిగా ఉండి, కిక్కు కొట్టేటప్పుడు కాలికి పట్టు తగలకపోతే కంప్రెషన్ గేజ్ పెట్టించండి. హెడ్డు దగ్గర ఆయిల్ చెమ్మ ఉందా కూడా చూడండి. బోరు మాట అప్పుడు.

*రెండు జాగ్రత్తలు*

ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చిన ప్రతిసారీ అదే మిట్ట, అదే బరువు, అదే గేరులో ఎక్కించి చూడండి. నాలుగూ కలిపి మారిస్తే ఏది నయం చేసిందో తెలియదు, వచ్చేసారి మళ్లీ మొదటికొస్తారు.

ఈ పని పురుగుల షెడ్డు దగ్గర వద్దు. పొగ, పెట్రోలు వాసన పురుగుకు పడవు. మసి వదలడానికి గొట్టాలు నిప్పులో కాల్చేవాళ్లు షెడ్డుకు దూరంగా, గాలి అటు పోని చోట కాల్చండి. చేతులు సబ్బుతో బాగా కడగకుండా ఆకు ముట్టొద్దు. అన్నిటికన్నా మేలు, ఒక పంట గూళ్లు దిగాక, రెండో పంట చాకీ తెచ్చేలోపల ఈ పని ముగించడం.

మీ బండి ఏ నంబరు దగ్గర పట్టుబడిందో వాయిస్ పెట్టండి. ఇంకొకరికి పనికొస్తుంది.