చివరి అయిదు శాతం ఖరీదు

చల్లగా ఇంటికొచ్చే పాల ప్యాకెట్ వెనుక పెద్ద లెక్కే ఉంది. 4 డిగ్రీల పచ్చిపాలను 72 డిగ్రీలకు కాచి, 15 సెకన్లు ఆ వేడిలోనే ఉంచి, మళ్లీ 4కి దించితే పాశ్చరైజేషన్ పూర్తవుతుంది.

గంటకు 10,000 లీటర్లు కాచే డెయిరీని తీసుకుందాం. లీటరు పాలు 1.03 కిలోలు తూగుతాయి కాబట్టి సెకనుకు 2.86 కిలోలు. కిలో పాలు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 3.9 కిలోజౌళ్లు పడుతుంది. పెరగాల్సింది 68 డిగ్రీలు. మూడూ గుణిస్తే 759 కిలోవాట్లు. చల్లార్చేటప్పుడు అంత వేడినీ మళ్లీ తీసెయ్యాలి.

అయితే కాగిన పాలు ఎలాగూ చల్లారాలి, పచ్చిపాలు ఎలాగూ వేడెక్కాలి. రెండింటినీ పల్చటి స్టీలు రేకుకు చెరోవైపు పారిస్తే ఒకదాని వేడి మరొకదానికి చేరుతుంది. 1923లో రిచర్డ్ సెలిగ్మన్ రూపొందించిన ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ చేసే పని ఇదే.

పాలు పారే దిశ ముఖ్యం. రెండూ ఒకే దిశలో పారితే, రేకులెన్ని పెంచినా రెండూ 38 డిగ్రీల దగ్గర కలిసి ఆగిపోతాయి. సగం వేడి మించి తిరిగి రాదు. ఎదురెదురుగా పారిస్తే ఆ హద్దు ఉండదు. 90 శాతం వేడి తిరిగి రాబట్టామంటే పచ్చిపాలు 65.2 డిగ్రీల దాకా ఉచితంగా వేడెక్కినట్టే. బాయిలర్ ఇవ్వాల్సింది 76 కిలోవాట్లే.

ఇక రేకుల విస్తీర్ణం. ఈ అమరికలో రెండు పాల మధ్య తేడా మొదటి నుంచి చివరి దాకా 6.8 డిగ్రీలే. రెండు చివరల తేడాల నుంచి సగటు తేడాను కట్టే పాఠ్యపుస్తకంలోని లాగరిథమ్ సగటు సూత్రంలో దీన్ని వేస్తే సున్నా బై సున్నా వచ్చి విద్యార్థులు ఆగిపోతారు. రెండు చివరలా తేడా సమానమైతే ఆ తేడానే సగటు, సూత్రంతో పని లేదు. చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 3 కిలోవాట్లు దాటుతాయనుకుంటే, 683 కిలోవాట్లకు 33.5 చదరపు మీటర్లు కావాలి.

90ని 95 చేద్దామంటే? తేడా 3.4 డిగ్రీలకు పడిపోతుంది, దాటాల్సిన వేడి 721కి పెరుగుతుంది. విస్తీర్ణం 70.7 చదరపు మీటర్లు! అయిదు శాతం కోసం రేకులు రెట్టింపుకు మించాయి. అయినా నా ఓటు 95కే. బాయిలర్ మీద 38, చిల్లర్ మీద 38 కిలోవాట్లు తగ్గుతాయి. రోజుకు 20 గంటలు నడిస్తే ఒక్కో వైపూ 760 యూనిట్ల వేడి మిగులుతుంది. రేకులు ఒక్కసారి కొంటాం, ఇంధనం రోజూ కొనాలి.

రేకుల మీద పాల ప్రొటీన్ పేరుకుంటే ఈ లెక్క మారుతుంది. వేడి దాటే వేగం అయిదో వంతు తగ్గితే, 90 శాతం యంత్రం 88కి కాస్త కిందికి దిగుతుంది. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ బాయిలర్ భారం 76 నుంచి 93 కిలోవాట్లకు పెరుగుతుంది. అందుకే కడుగుడు వేళలు కచ్చితంగా పాటించాలి.

విస్తీర్ణం లెక్కలో కనిపించని జాగ్రత్త మరొకటుంది. రేకుకు చిల్లు పడితే పచ్చిపాలు కాగిన పాలలో కలవకూడదు. అందుకే కాగిన పాల వైపు ఒత్తిడిని ఎప్పుడూ ఎక్కువగా ఉంచుతారు. కారితే మంచి పాలే పచ్చిపాలలోకి కారాలి.