మీకు తెలుసా? కుక్కలకూ మూర్ఛ (ఫిట్స్) వస్తుంది!

● కారణం అంతుపట్టని మూర్ఛ కుక్కల్లో ఎక్కువగా 6 నెలల నుంచి 6 ఏళ్ల వయసులో మొదలవుతుంది.

● మూర్ఛ వచ్చి కాళ్లు కొట్టుకుంటున్నప్పుడు కుక్క నోట్లో చెయ్యి పెట్టొద్దు. కుక్క నాలుక మింగదు. తెలియకుండానే గట్టిగా కరుస్తుంది. మెట్లకు, బల్ల అంచులకు తగలకుండా చూసి, మూర్ఛ ఎంతసేపు ఉందో గడియారంలో గమనించండి.

● మూర్ఛ 5 నిమిషాలు దాటినా, 24 గంటల్లో మళ్లీ వచ్చినా వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

● ఫిట్స్ ఆగాక కాసేపు చూపు ఆనక గోడలకు గుద్దుకోవచ్చు. మెల్లగా పేరు పెట్టి పిలవండి.

● 1912 నుంచి మనుషుల మూర్ఛకు వాడుతున్న ఫెనోబార్బిటాల్ కుక్కలకూ ముఖ్యమైన మందు. తగ్గిపోయిందనుకుని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ తీవ్రంగా తిరగబెట్టవచ్చు. వేళ తప్పకుండా వేస్తే చాలా కుక్కలు హాయిగా బతుకుతాయి.