సూదంటురాయితో రంగునీటి శుద్ధి



క్రొత్తచీరను మొదటిసారి తొట్టిలో జాడించునపుడు నీరు ఎఱ్ఱగనో నీలముగనో మాఱుట మనమందఱము చూచినదే. ఆ నీటిని పాఱబోసి మఱచిపోవుదుము. ఒక్క చీర విడిచిన రంగే తొట్టెడు నీటిని మార్చగా, నిత్యము వేలకొలది బట్టలకు రంగువేయు కర్మాగారముల నీరు ఏటిలో కలిసిన నేమగునో యోచింపుడు. తమిళనాటి తిరుప్పూరునందు నొయ్యలు నది యిట్లే చెడిపోగా, 2011వ సంవత్సరమున మద్రాసు ఉన్నతన్యాయస్థానము అచ్చటి అద్దకపు కర్మాగారములను మూసివేయ నాజ్ఞాపించెను. నదియు బ్రతుకవలెను, కూలివారి కూడును నిలువవలెను. ఈ చిక్కును విప్పుటకై శాస్త్రజ్ఞులు వెదకుచున్న మార్గములలో నొకదానిని నేడు చెప్పుకొందము.

పూర్వము రంగులు నీలిమొక్కనుండియు, చిరివేరునుండియు వచ్చుచుండెను. 1856లో లండను నగరమున పదునెనిమిదేండ్ల విలియం పెర్కిను తారునుండి ఊదారంగును చేసినది మొదలు కృత్రిమవర్ణములు వ్యాపించినవి. ఎండకును సబ్బునకును చెడకుండుటయే వాని గొప్ప. ఆ గొప్పయే నీటికి ముప్పైనది. బట్టపై నిలుచు రంగు నీటిలోను నిలిచిపోవును. వెలుతురు లోనికి చొరక నీటిమొక్కలు క్షీణించును. కొన్ని రంగులు విఱిగినపుడు పుట్టు పదార్థములు క్యాన్సరు కలిగింపగలవు.

బురదనీటి కుండలో చిల్లగింజను అరగదీసిన మట్టి అడుగునకు దిగునని మన పెద్దలెఱుగుదురు. కాని నీటిలో కరగిన రంగు అట్లు దిగదు. దానిని విఱుగగొట్టవలెను. అందులకు టైటానియం డయాక్సైడు అను తెల్లనిపొడి యొకటి కలదు. గోడలకు వేయు తెల్లరంగులలో నుండునదియు నిదియే. 1972లో జపాను దేశీయులైన ఫుజిషిమా, హోండాలు ఈ పదార్థముపై వెలుతురు సోకిన నీరే రెండు వాయువులుగా విడిపోవునని ప్రకటించిరి. ఎండలోని అతినీలలోహిత కిరణములు తగిలినపుడు, ఈ పొడి నీటినుండియు ప్రాణవాయువునుండియు మిక్కిలి చుఱుకైన కణములను పుట్టించును. అవి రంగును ముక్కలు ముక్కలుగా ఛేదించును. పొడి మాత్రము ఖర్చు కాదు.

ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని యీ పొడిరేణువులు తలవెండ్రుక మందములో వేయవ వంతునకంటె చిన్నవి. గుడ్డతో వడగట్టిన నిలువవు; త్వరగా అడుగునకును దిగవు. రంగు పోయిన నీటిలో పొడి మిగిలినచో, బూడిదతో తోమిన గిన్నెను కడుగక వాడినట్లే యగును.

నేలపై రాలిన సూదులను సూదంటురాయితో ఏఱుకొనుట మన మెఱుగుదుము. అదే యుపాయము నిక్కడ పనికివచ్చినది. మాగ్నెటైటు అను నల్లని ఇనుపఖనిజపు రేణువులకు తెల్లపొడిని పూతగా పూసిరి. పని ముగిసిన పిమ్మట పాత్రప్రక్కను సూదంటురాయి నుంచినచో పొడియంతయు దానివైపు చేరును, తేటనీటిని వంచుకొనవచ్చును. రాతిని తొలగించి క్రొత్త రంగునీరు పోసి కలిపిన, పొడి మరల విడివడి పనిచేయును.

అయినను తొలుత ఒక యాటంకము కలిగెను. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సు విశ్వవిద్యాలయమున రోజ్ అమల్ అను విదుషియు, ఆమె సహచరులును 2000లో ఇట్టి పొడిని పరీక్షించి, వెలుతురు సోకినపుడు లోపలి ఇనుము కరగుచున్నదనియు, పొడి బలము తగ్గుచున్నదనియు కనుగొనిరి. ఇనుమునకును పూతకును నడుమ, ఇసుకకు మూలమైన సిలికాతో పలుచని పొర నుంచుటచే ఆ దోషము చాలవఱకు తొలగెను. ఇరుగుపొరుగుల తగవును మాన్పు నడిమిగోడ వంటిదా పొర!

ఇంక కొఱతలు లేకపోలేదు. ఎండలో అతినీలలోహిత భాగము నూటికి అయిదు పాళ్ళకు మించదు. కర్మాగారపు నీటిలోని ఉప్పును సబ్బును పనిని మందగింపజేయును. ప్రతిమాఱు కొంత పొడి నష్టమగును. కావున ఈ విద్య యెక్కువగా ప్రయోగశాలలలోనే యున్నది. మఱియొక మాట. రంగు పోయినంత మాత్రమున నీరు శుద్ధమైనట్లు కాదు. విఱిగిన ముక్కలు కంటికి కనబడక నిలిచియుండవచ్చును. వానిని సైతము కొలిచి చూచిన పిమ్మటనే నీరు మంచిదనవలెను.

తేటగా నున్నదెల్ల త్రాగదగినది కాదని బిడ్డలకు మనమే చెప్పుదుము. ఏటికి నీరు విడుచువారును ఆ మాటను పాటించిననాడే, చీర రంగును ఏటి తేటయు రెండును నిలుచును.