అద్దపు తొట్టిలో కడలి

సూర్యాపేటలో గాని, కోదాడలో గాని క్రొత్తగా కట్టిన ఇంటి ముంగిట నిలిచి చూచినచో నేలలో ఒక మూత కానవచ్చును. దాని క్రింద నున్నది సంపు. కుళాయి నీరు మొదట అందులో పడును. పిమ్మట మోటారు దానిని మిద్దెపైని ట్యాంకునకు చేర్చును. నీరు తనంతట తాను పల్లమునకు దిగును. మెరకకు ఎక్కించుటకే యంత్రము కావలెను. ఈ సంగతి తెలిసిన బాలునికి, ఉప్పునీటి చేపల తొట్టి క్రింద అమర్చు సంపు యొక్క మర్మము సగము తెలిసినట్లే.

ఈ ప్రాంతమువారికి చేపలు క్రొత్త కావు. చెరువులలో రవ్వలు, బొచ్చెలు పెరుగుచునే యున్నవి. కాని అవి మంచినీటి చేపలు. కడలి మాత్రము దూరము. సూర్యాపేట, కోదాడల మీదుగా పోవు 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్టణము వద్ద ముగియును. సూర్యాపేటనుండి ఆ తీరము సుమారు 200 కిలోమీటర్లు. అంత దూరమునుండి నీరు మోసి తెచ్చుట వ్యర్థము. పైగా నదులు కలియు చోట వానకాలమున ఉప్పు తగ్గి బురద హెచ్చును. కావున ఇంటనే కడలి నీటిని కలుపుకొనవలెను.

లీటరు సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణములు ఉండును. అందు అధికభాగము మనము తిను ఉప్పే యైనను మెగ్నీషియము, కాల్షియము మొదలగునవి కూడ కలవు. కావున వంటింటి ఉప్పు కలిపిన చాలదు; ఇందులకై తయారైన మిశ్రమమునే కొనవలెను. దానిని కలుపు నీరును శుద్ధమైనది కావలెను. నల్లగొండ ప్రాంతపు భూగర్భజలమున ఫ్లోరైడు అధికమన్నది జగమెరిగిన విషయము. 1970వ దశకమున నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థ పటిక, సున్నములతో ఫ్లోరైడును తొలగించు పద్ధతిని రూపొందించినప్పుడు దానికి ‘నల్లగొండ పద్ధతి’ యనియే పేరు వచ్చెను. బోరు నీటిని తిన్నగా తొట్టిలో పోయక, ఆర్.ఓ. యంత్రమున వడపోసి వాడుట క్షేమము.

ఇక అసలు చిక్కు. చేప నీటిలోనే తినును, నీటిలోనే విసర్జించును. ఆ విసర్జనమునుండి, మిగిలిన మేతనుండి అమ్మోనియా పుట్టును. అది విషము. కడలి నీరు కొంత క్షారగుణము కలది. అట్టి నీటిలో ఆ విషము మరింత తీవ్రమగును. కంటికి నీరు నిర్మలముగానే కనిపించును, చేప మాత్రము ఊపిరాడక కొట్టుకొనును. దీనికి విరుగుడు ప్రకృతిలోనే కలదు. ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగను, మరియొక జాతి నైట్రైటును నైట్రేటుగను మార్చును. నైట్రైటు కూడ హానికరమే. నైట్రేటు అంత ప్రమాదకరము కాదు. దానిని నీరు మార్చి తగ్గించుకొనవచ్చును. సంపు అనునది ప్రధానముగా ఈ కంటికి కనబడని సేవకులకు కట్టిన ఇల్లు.

దాని నిర్మాణమును చూడుడు. పై తొట్టిలో నీరు నిండి ఒక అంచుపైనుండి పొర్లి గొట్టము ద్వారా క్రిందికి దిగును. అచ్చట మొదట గుడ్డసంచి యుండును. మిర్యాలగూడ బియ్యపు మిల్లులో జల్లెడ రాళ్లను, మట్టిబెడ్డలను ఆపినట్లు అది మలినములను ఆపును. రెండుమూడు దినముల కొకసారి దానిని ఉతుకకున్న, అందు చిక్కిన మలినమే కుళ్లి తిరిగి విషమగును. రెండవ గదిలో నురుగుయంత్రము. పప్పు ఉడుకునప్పుడు పైకి వచ్చు తెట్టెను గృహిణి గరిటెతో తీసివేయును గదా! అట్లే ఈ యంత్రము సన్నని గాలిబుడగలను పుట్టించును. నీటిలో కరగిన మలినము వానికి అంటుకొని నురుగై పైగిన్నెలో చేరును. మంచినీటిలో బుడగలు పెద్దవై త్వరగా కలిసిపోవుటచే ఈ ఉపాయము పారదు. తరువాతి గదిలో రంధ్రములు గల పింగాణి ముక్కలు. సూక్ష్మజీవుల కాపురము అచ్చటనే. చివరి గదిలోని పంపు శుద్ధజలమును మరల పైకి పంపును.

విద్యుత్తు పోయినప్పుడు ఏమగును? పంపు ఆగును, నీరు దిగుట మాత్రము వెంటనే ఆగదు. తొట్టి పొడవు 90, వెడల్పు 45 సెంటీమీటర్లు అనుకొందము. నీటిమట్టము ఒక సెంటీమీటరు తగ్గినచో 4 లీటర్లకు పైగా దిగును. మూడు తగ్గినచో 12 లీటర్లు. సంపు పొడవు 60, వెడల్పు 30 అయినచో అందు నీరు దాదాపు 7 సెంటీమీటర్లు లేచును. 15 సెంటీమీటర్లు ఖాళీ ఉంచినవానికి భయము లేదు. కాని పంపు గొట్టపు కొన పై తొట్టిలో 10 సెంటీమీటర్ల లోతున మునిగి యున్నదనుకొనుడు. అప్పుడు ఆ గొట్టమే వెనుకకు నీటిని లాగును. నలుబది లీటర్లు దిగును. సంపులో 22 సెంటీమీటర్లు లేచి ఇల్లంతయు ఉప్పుమడుగగును. ఇందులకే నీటిమట్టమునకు కొంచెము దిగువన ఆ గొట్టమునకు చిన్న రంధ్రము చేయుదురు. మట్టము తగ్గి రంధ్రము బయటపడగానే గాలి చొరబడి లాగుడు తెగిపోవును. ఇంత పెద్ద ఆపద నింత చిన్న రంధ్రము ఆపుచున్నది! దానిలో పాచి చేరకుండ చూచుకొనవలెను.

వేసవిలో మరియొక జాగ్రత్త. ఎండ 40 డిగ్రీలు దాటు దినములలో నీరు త్వరగా ఆవిరియగును. ఉప్పు మాత్రము ఆవిరికాదు. చివరి గదిలో మట్టము తగ్గినప్పుడు పోయవలసినది శుద్ధమైన మంచినీరే గాని ఉప్పునీరు కాదు. చాలమంది ఇచ్చటనే పొరబడుదురు.

అన్నియు అమర్చిన పిమ్మట చేపలను వెంటనే విడువరాదు. సూక్ష్మజీవులు వృద్ధియగుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు పట్టును. చిటికెడు మేత వేసి, నీటిని పరీక్షించుచు, అమ్మోనియా, నైట్రైటు రెండును శూన్యమగువరకు వేచియుండవలెను. ఆ పిమ్మట ఒకటి రెండు చేపలు చాలును. పగడములను, సముద్రపు గుర్రములను తేవలెనని మాత్రము తలపరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వానికి రక్షణ నిచ్చుచున్నది.

ఈ ఎదురుచూచు దినములలోనే ఒకనాడు స్విచ్చి ఆపి, నీరు సంపులో ఎంతవరకు లేచునో చూచి, అచ్చట అద్దముపై గీత గీయవలెను. ఆ పరీక్షను పగటివేళ, బకెట్లు దగ్గర పెట్టుకొని చేయుట మంచిది.