నవంబరులో వచ్చిన మూడు పెట్టలు

"ఇవి ఇంక గుడ్లు పెట్టవక్కా, కూరకేనా?" అని అడిగాడు కోళ్లఫారం కుర్రాడు. ముళబాగిలు దాటాక ఉంది ఆ ఫారం. కోలారు జిల్లాలో ఆ వైపు తెలుగు బాగా వినిపిస్తుంది. "కూరకి కాదు తమ్ముడూ, పెంచుకోవడానికి" అన్నాను. నా వంక ఓసారి, కోళ్ల వంక ఓసారి చూసి, ఉన్నవాటిలో కాస్త బలంగా ఉన్న రెండు తెల్ల పెట్టల్ని ఏరి అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు. మూడోది ఎర్రటి నాటు పెట్ట. మా వీధిలో ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతున్న కుటుంబం వదల్లేక వదల్లేక మాకు అప్పగించింది. అలా నిరుడు నవంబరులో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని మా పెరట్లోకి మూడు పెట్టలు చేరాయి.

పిల్లల్ని తెచ్చి పెంచడం వేరు, ఎదిగిన కోడిని తెచ్చుకోవడం వేరు. ఎదిగిన కోడి ఎంత వెలుగులో బతికిందో, ఏం తిన్నదో, ఎన్ని గుడ్లు పెట్టిందో అంతా దాని ఎముకల్లో, ఈకల్లో, కాళ్ల రంగులో రాసి ఉంటుంది. మొదటి మూడు నెలలూ గుడ్లబుట్ట వంక చూడకుండా ఆ రాతను చదువుకోవడమే పెంచేవాళ్ల పని.

మొదటి రాత్రి నాటు పెట్ట చీకటి పడుతూనే గూట్లోకి వెళ్లి కర్రెక్కి కూర్చుంది. తెల్లవి రెండూ ఓ మూల ఒకదాన్నొకటి ఒత్తుకుని నేల మీదే నిలబడ్డాయి. ఏడాదిన్నర పంజరంలో తీగల మీద నిలబడిన వాటికి కర్ర ఎందుకో తెలియదు. ఒకదాన్ని ఎత్తి రొమ్ము కింద తడిమితే ఎముక కత్తి అంచులా చేతికి తగిలింది. మధ్యలో చిన్న వంకర కూడా ఉంది, ఎప్పుడో విరిగి అతుక్కున్నదే. జుట్టు పాలిపోయి పక్కకు వాలి ఉంది.

ఆ ఎముక ఎందుకు విరిగింది? గుడ్డుపెంకు బరువు 5, 6 గ్రాములు. దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే, అందులో కాల్షియమే 2 గ్రాముల దాకా ఉంటుంది. పెట్ట ఒంట్లోని ఎముకలన్నిటిలో కలిపి ఉండే కాల్షియం 20 గ్రాములకు అటూ ఇటూ. అంటే పది గుడ్లకే ఒక అస్థిపంజరానికి సరిపడా సున్నం బయటికి పోతుంది. మన కోళ్లకు మూలమైన ఎర్ర అడవికోడి ఏడాదికి పెట్టేది పది, పదిహేను గుడ్లు. ఫారం పెట్ట 300 పెడుతుంది. మన దేశంలో ఆ లెక్కను మామూలు చేసిన వాళ్లలో తెలుగువాడైన బి.వి. రావు ముందుంటారు. రైతుకు గుడ్డు ధర దక్కాలని 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ అయిన నెక్‌ను నిలబెట్టిందీ ఆయనే. పేదవాడి కంచంలోకి గుడ్డు చేరడం చిన్న సంగతి కాదు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ అందుకు అరువిచ్చింది ఈ వంకర ఎముకే.

పెంకు తయారీకి ఇరవై గంటలు పడుతుంది, అందులో చాలా భాగం రాత్రే నడుస్తుంది. రాత్రి కోడి మేత ముట్టదు. అందుకని ప్రకృతి ఒక ఏర్పాటు చేసింది. గుడ్లు పెట్టే కాలంలో పెట్ట కాలి ఎముకల బోలులో మెత్తటి ఎముక ఒకటి అదనంగా పెరుగుతుంది. అది రాత్రి కరిగి పెంకుకు సున్నం ఇస్తుంది, పగలు మేతతో మళ్లీ నిండుతుంది. మేతలో సున్నం చాలనప్పుడు గట్టి ఎముక కూడా కరుగుతుంది. ఈ సంగతి తెలిశాక నేను రెండు పనులు చేశాను. కర్రను అడుగు ఎత్తుకు దించాను, దూకినా ఎముకకు దెబ్బ తగలకుండా. సాయంత్రం పూట ఆల్చిప్పల ముక్కలు విడిగా ఒక గిన్నెలో పెట్టడం మొదలుపెట్టాను. పొడి సున్నమైతే పేగులు దాటి తొందరగా పోతుంది. ముతక ముక్కలు కందనకాయలో నిలిచి, పొద్దున దాకా కొంచెం కొంచెంగా కరుగుతాయి. ఎంత తినాలో పెట్టకే తెలుసు, మనం కొలిచి మేతలో కలపక్కర్లేదు.

రెండో వారంలో తెల్ల పెట్టలు ఈకలు రాల్చడం మొదలుపెట్టాయి. గూడంతా దిండు చింపినట్టు అయింది. జబ్బేమోనని కంగారు పడ్డాను. అసలు కారణం వెలుగు. ఫారంలో దీపాలు పెట్టి రోజుకు 16 గంటల వెలుగు ఇస్తారు. నవంబరులో బెంగళూరు పగలు పదకొండున్నర గంటలే. కోడి వెలుగును కంటితోనే కాదు, మెదడుతోనూ పసిగడుతుంది. పుర్రె గుండా లోపలికి చేరే వెలుగును మెదడు అడుగుభాగంలోని కణాలే పట్టుకుంటాయి. కళ్లు లేకున్నా బాతుల్లో ఇది జరుగుతుందని 1930ల్లో ఫ్రాన్సులో శాస్త్రవేత్త జాక్ బెన్వా చూపించాడు. వెలుగు ఒక్కసారిగా తగ్గేసరికి గుడ్ల హార్మోన్లు పడిపోతాయి, ఒళ్లు పాత ఈకలు వదిలి కొత్తవి తొడుక్కుంటుంది. గూట్లో బల్బు పెట్టమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నేను పెట్టలేదు. ఆ పెట్టలకు దొరికిన మొదటి సెలవు అది.

ఈకలో ఎక్కువ భాగం మాంసకృత్తులే. కాబట్టి ఆ రెండు మూడు నెలలు ఒట్టి నూకలూ అన్నం మెతుకులూ సరిపోవు. రోజుకు తలా 110 గ్రాముల లేయర్ మేత, దానికి తోడు కాస్త వేరుశనగ చెక్క పెట్టాను. ఆకుకూర కాడలు ఇష్టంగా తింటాయి. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ ఒళ్లు చల్లబరుచుకుంటుంది. అందుకే ఏప్రిల్ ఎండల్లో నీడలో నీళ్లు రెట్టింపు పెట్టాలి.

ఎర్రపెట్ట మొదటి వారం తెల్లవాటిని మేత దగ్గరికి రానివ్వలేదు. ఎవరు ఎవర్ని పొడవాలో కోళ్లలో ఒక వరస ఉంటుందని నార్వే శాస్త్రవేత్త షెల్డెరప్-ఎబ్బె 1920ల మొదట్లో రాశాడు. ఆయన చిన్నపిల్లాడిగా ఉన్నప్పటి నుంచే ఇంటి కోళ్లను చూస్తూ లెక్కలు రాసుకున్నవాడు. మధ్యలో జాలీ కట్టి, మేతగిన్నెలు రెండు చోట్ల పెట్టేసరికి పదిరోజుల్లో వరస కుదిరింది. ఆ జాలీ ఎలాగూ కావాలి. వైట్‌ఫీల్డ్ ఆకాశంలో గద్దలు తిరుగుతూనే ఉంటాయి, రాత్రయితే పందికొక్కులు, పిల్లులు. అరంగుళం కన్నాల వెల్డ్ మెష్ పైనా పక్కలా వేయించాను, అడుగున వరి ఊక పరిచాను. గుడ్డు కోసం పుంజు అక్కర్లేదు, తెల్లవారుజామున ఇరుగుపొరుగుల నిద్ర చెడగొట్టడమూ ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. కొక్కెర తెగులు వస్తే మందు లేదు, టీకాయే దారి. మన దేశంలో రాణిఖేత్‌లో గుర్తించినందుకు దానికి ఆ ఊరి పేరే పడింది. తెచ్చుకునే ముందే ఏ టీకాలు వేశారో అడగాలి, తెలియకపోతే పశువైద్యుణ్ణి కలవాలి. పక్షులు ఒక్కసారిగా రాలిపోతే ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు కబురు చేయాలి. 2012లో ఊరి అవతలి అంచున హెసరఘట్టలో, కేంద్ర ప్రభుత్వ కోళ్ల సంస్థలోనే బర్డ్ ఫ్లూ బయటపడింది. గూట్లో చెయ్యి పెట్టిన ప్రతిసారీ సబ్బుతో కడుక్కోమని మా పిల్లలకు గట్టిగా చెప్పాను.

ఇక కాళ్ల రంగు. తెల్ల పెట్టలు వచ్చినప్పుడు వాటి కాళ్లు పాలిపోయి సుద్దముక్కల్లా ఉన్నాయి. నిజానికి ఈ జాతివి పసుపు కాళ్లు. మొక్కజొన్నలోని పసుపు రంగు, గుడ్లు పెడుతున్నంత కాలం చర్మానికి అందకుండా పచ్చసొనలోకి వెళ్లిపోతుంది. నెలల తరబడి పెడితే కాళ్లు కూడా వెలవెలబోతాయి. గుడ్లు ఆగితే రంగు తిరిగొస్తుంది. ఆ పసుపుచర్మం లక్షణం కోడికి ఎర్ర అడవికోడి నుంచి వచ్చింది కాదు, మన దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు జన్యువుల్లో కనిపెట్టారు.

సంక్రాంతి వెళ్లేసరికి కొత్త ఈకలు నిండాయి, ముక్కులకు పసుపు వచ్చింది. ఫిబ్రవరి మూడో వారంలో రెండింటిలో ఒకటి గుడ్డు పెట్టింది. మొదటిది తోలుగుడ్డు, చేతిలో నీళ్లసంచిలా కదిలింది. నాలుగు రోజుల తర్వాత పెట్టినదానికి గట్టి పెంకు ఉంది. వంకర ఎముకది మాత్రం ఇంతవరకూ పెట్టలేదు. రోజూ మధ్యాహ్నం కరివేపాకు చెట్టు కింద బూడిదమట్టిలో పొర్లి, ఒక రెక్క చాపి ఎండలో పడుకుంటుంది. దాని కాళ్లు ఇప్పుడు పసుపుకొమ్ము రంగులో ఉన్నాయి.