విన్నిపెగ్ రౌతులు, సికిందరాబాద్ పేరు

ఇటీవల ఒక సెలవురోజు రాత్రి మా ఆసుపత్రిలో పనిచేసే కెనడా డాక్టరుగారు మా ఇంటికి భోజనానికి వచ్చారు. మాటల్లో మాది సికిందరాబాద్ అనగానే, "మా ముత్తాతగారి పటాలం చరిత్రలో ఆ పేరు చదివానే!" అన్నారు. సికిందరాబాద్ అంటే రైలుస్టేషను, అమ్మమ్మగారి ఇల్లు అనుకునే మా అబ్బాయి, "అయితే మనవాళ్ళు కెనడా వెళ్ళి యుద్ధం చేశారా?" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాం. తరువాత చదివి తెలుసుకున్నది ఇక్కడ పాఠకులతో పంచుకుంటున్నాం.

ఆయన ముత్తాతగారి పటాలం పేరు ఫోర్ట్ గ్యారీ హార్స్. అది 1912లో విన్నిపెగ్‌లో ఏర్పడిన అశ్వదళం. మొదటి ప్రపంచయుద్ధంలో అది ఫ్రాన్సులో పోరాడింది. 1916 చివర ఏర్పడిన బ్రిటిష్ 5వ అశ్విక డివిజనులో మూడు బ్రిగేడులుండేవి: కెనడా, అంబాలా, సికిందరాబాద్. విన్నిపెగ్ పక్కన మన ఊరిపేరు చేరింది అలాగే.

సికిందరాబాద్ బ్రిగేడులోని 20వ దక్కన్ హార్స్ మూలాలు నైజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారులు నడిపిన హైదరాబాద్ కంటింజెంటులో ఉన్నాయి. ఆ ఖర్చు బాకీ కిందే 1853లో బేరారు కంపెనీ చేతికి పోయింది. బొల్లారంలోని రిసాలాబజారు పేరు విన్నవారికి చెప్పనక్కరలేదు, రిసాలా అంటే గుర్రపుదండే.

పదాతిదళం శత్రువు వరుసలో సందు చేస్తే, అందులోంచి దూసుకుపోవడం అశ్వదళం పని. మరతుపాకులు, ముళ్ళతీగలు ఆ సందు దొరకనివ్వలేదు. 1916 జూలై 14 సాయంత్రం సోమ్ రంగంలో, హైవుడ్ దగ్గర, దక్కన్ హార్స్ ఈటెలతో పంటచేల మీదుగా దూకింది. కానీ ఆ అడవి పూర్తిగా చేజిక్కింది సెప్టెంబరు 15నే. 1917 నవంబరు 20న కాంబ్రే యుద్ధంలో ఫోర్ట్ గ్యారీ దళం ఒకటి కాలువ దాటింది. నాయకుడు చనిపోగా లెఫ్టినెంట్ స్ట్రాకన్ దాన్ని నడిపించి ఫిరంగులపై పడ్డాడు. చివరకు గుర్రాలను తరిమేసి, చీకట్లో కాలినడకన మిగిలినవారిని వెనక్కి తెచ్చాడు. అందుకు ఆయనకు విక్టోరియా క్రాస్ ఇచ్చారు.

తరువాత ఇద్దరి గుర్రాలూ ట్యాంకులయ్యాయి, అదీ ఒకే రకం షెర్మన్లు! ఫోర్ట్ గ్యారీ 1944 జూన్ 6న నార్మండీ తీరంలో దిగింది. దక్కన్ హార్స్ 1945లో బర్మాలో, 1965లో అసల్ ఉత్తర్‌లో వాటితోనే పోరాడింది. నేడు ఫోర్ట్ గ్యారీ విన్నిపెగ్‌లో రిజర్వు కవచదళం. అందులో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ తీరికవేళల్లో శిక్షణ పొందేవారే. దక్కన్ హార్స్ మన సైన్యంలో ట్యాంకుల పటాలం.

ఇక అబ్బాయి ప్రశ్న. "మనవాళ్ళే" అని ఛాతీ విరుచుకోవడం తేలికే. కానీ ఆ దళంలో ఎక్కువగా సిక్కులు, జాట్లు, దక్కనీ ముస్లింలు. పేరు మన ఊరిది. ప్రాణాలు పంజాబు పల్లెలవీ, దక్కన్ గడపలవీ. పరాయి జెండా కింద, పరాయి నేలమీద కొలువు చేసినవారు వాళ్ళు. బతుకుతెరువుకు ఈ ఎడారి చేరిన మనకు ఆ దూరం కొంత అర్థమవుతుంది. ఆ మూల్యం మాత్రం మనం చెల్లించలేదు. పిల్లవాడికి అదే చెప్పాం. కాసేపు ఆలోచించి, "ఈసారి సెలవులకి రిసాలాబజారు చూద్దామా?" అన్నాడు. చూద్దామన్నాం.