పదో తరగతి దాటాక పక్కన ఎవరున్నారు? కామారెడ్డి, ఎల్లారెడ్డి పిల్లల చదువు దారి

తాడ్వాయి సోషల్ వెల్ఫేర్ గురుకులంలో చదువుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఆనాడు నిజామాబాద్ జిల్లాలో ఉన్న తాడ్వాయి 2016 నుంచి కామారెడ్డి జిల్లాలో ఉంది. ఈ గెలుపు మనదని ఇక్కడ అందరం చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. కానీ ఆ కథలో మనం తక్కువగా మాట్లాడుకునే భాగం ఒకటుంది. ఆ పిల్లను "నీలో సత్తా ఉంది, పో" అని వదిలేయలేదు. భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్పారు. డార్జిలింగ్ పంపారు. లద్దాఖ్ చలికి అలవాటు చేశారు. ప్రతి మెట్టు దగ్గరా ఒక మనిషి తోడున్నాడు.

పదో తరగతి పాసైన దళిత, ఆదివాసీ, లంబాడ పిల్లలకు ఇంటర్ నుంచి ఉద్యోగం దాకా అలాంటి తోడు ఎవరు? కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు వాడల్లో, తండాల్లో తిరిగినప్పుడు మాకు ఎదురైన ప్రశ్న ఇదే.

జారిపోయేది ఎక్కడ?

పిల్లలు తరగతి గదిలో కంటే ఒక చదువుకూ ఇంకో చదువుకూ మధ్య ఎక్కువగా జారిపోతున్నారని మాకు అర్థమైంది.

మొదటి జారుడు పదో తరగతి ఫలితాలు వచ్చిన వారాల్లోనే. ఎంపీసీనా, బైపీసీనా, సీఈసీనా, పాలిటెక్నిక్కా, ఐటీఐనా అన్నది అప్పుడే తేల్చుకోవాలి. అమ్మ బీడీలు చుడుతుంది, నాన్న గల్ఫ్‌లో ఉంటాడు. ఇంట్లో అడగడానికి చదువుకున్నవాళ్లు ఉండరు. స్నేహితుడు ఏ గ్రూపు తీసుకుంటే అదే తీసుకుంటారు.

రెండోది ఇంటర్ మొదటి సంవత్సరంలో. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల ఇంగ్లీషు ఫిజిక్స్ పుస్తకం ముందు నోరు మెదపకుండా కూర్చుంటుంది. ఒక్క సబ్జెక్టు పోతే చాలు, అమ్మాయికి పెళ్లి మాటలు, అబ్బాయికి పాస్‌పోర్టు మాటలు మొదలవుతాయి. సప్లిమెంటరీ రాసి అదే ఏడాది గట్టెక్కవచ్చని వెంటబడి చెప్పేవాళ్లు ఉండరు.

మూడోది ఇంటర్ తర్వాత. డిగ్రీకి దోస్త్, ఇంజనీరింగ్‌కు ఈఏపీసెట్, ప్రతిదానికీ తేదీలు, ఆన్‌లైన్ ఆప్షన్లు. కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ కాలేజీ ఉంది. 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. భిక్కనూరులో తెలంగాణ యూనివర్సిటీ సౌత్ క్యాంపస్ ఉంది. ఊరి పక్కనే ఉన్న ఈ చదువుల గురించి ఇంటర్ పూర్తయ్యేదాకా వినని పిల్లలున్నారు.

బాకీ సర్కారుది, శిక్ష విద్యార్థికి

ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడిగా ఉండి దళితుల ఉన్నత చదువుకు ప్రభుత్వ డబ్బు కోసం పోరాడిన కాలం అది. కనుక ఇది దయ కాదు, పోరాడి తెచ్చుకున్న హక్కు. 2020 డిసెంబరులో కేంద్ర కేబినెట్ ఈ ఖర్చును కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరించాలని నిర్ణయించింది.

మన రాష్ట్రంలో ఈ-పాస్ ద్వారా దరఖాస్తు చేస్తాం. ఇందులో రెండు భాగాలు: కాలేజీ ఫీజు ఆర్‌టీఎఫ్, నిర్వహణ ఖర్చు ఎంటీఎఫ్. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో తీసుకోవాలి. ఆధార్‌లో పేరు టెన్త్ మెమోలో పేరుతో కలవకపోతే దరఖాస్తు ఆగిపోవచ్చు. హాజరు 75 శాతం ఉండాలి. ఏటా రెన్యువల్ చేసుకోవాలి.

ఫీజు బకాయిలు పేరుకుపోయి 2024లో, 2025లో ప్రైవేటు కాలేజీలు బంద్‌కు దిగాయి. కానీ బంద్ లేని రోజుల్లో ఆ భారం పిల్లల మీదే పడుతుంది. డిగ్రీ అయిపోయినా, ఫీజు కట్టలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఇవ్వక ఉద్యోగ దరఖాస్తు గడువు పోగొట్టుకున్న ఒక తండా అమ్మాయి మాతో మాట్లాడింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.

లెక్క మార్చాలి

ఆస్ట్రేలియాలో ఆదివాసీ విద్యార్థులకు ఆబ్‌స్టడీ అనే ఆర్థిక సాయం 1969 నుంచి ఉంది. ఇప్పుడు అక్కడి ప్రభుత్వాలు ఒక లక్ష్యాన్ని ఒప్పుకున్నాయి: 20 నుంచి 24 ఏళ్ల ఆదివాసీ యువతలో 96 శాతం మంది 2031 నాటికి పన్నెండో తరగతి లేదా దానికి సమానమైన చదువు పూర్తి చేసి ఉండాలి. అక్కడా దారి సాఫీగా లేదు. కానీ లెక్కపెట్టేది ఎంతమంది చేరారని కాదు, ఎంతమంది పూర్తి చేశారని.

మనమూ ఆ లెక్క అడగవచ్చు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో జిల్లా ఎస్సీ, గిరిజన సంక్షేమ శాఖలకు ఒక దరఖాస్తు పెట్టండి. ఇంటర్ మొదటి ఏడాదిలో కొత్తగా స్కాలర్‌షిప్ తీసుకున్నవాళ్లు ఎంతమంది? మరుసటి ఏడాది రెన్యువల్ చేసుకున్నవాళ్లు ఎంతమంది? మండలాల వారీగా అడగండి. ఆ రెండు అంకెల మధ్య తేడా చూస్తే పిల్లలు ఏ మండలంలో ఎక్కువగా ఆగిపోతున్నారో తెలుస్తుంది. వాళ్ల కోసం ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది.

రెండో పని ఇంకా చిన్నది. ప్రతి వాడలో, తండాలో ఒక నోటుబుక్కు పెట్టండి. ఈ ఏడాది పదో తరగతి పాసైన ప్రతి పిల్ల పేరు రాయండి. పక్కన డిగ్రీ చదువుతున్న ఒక అక్కదో అన్నదో పేరు రాయండి. అయిదేళ్లపాటు సప్లిమెంటరీ ఫీజు గడువు, ఈ-పాస్ రెన్యువల్, దోస్త్ తేదీ గుర్తు చేసేది వాళ్లే. పూర్ణకు కొండ మీద దొరికిన తోడు మన పిల్లలకు వాడలోనే దొరకాలి.

జై భీమ్.